అందరి భాష – అందరి బాధ్యత

హైదరాబాదు నగరంలో పంజాగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేట మైత్రీవనం వరకు గల దూరం కాలినడకన పోదగినంత మాత్రమే. మెట్రో రైలులో అయితే ఒక్క స్టేషను. కాని ఆ కొద్దిపాటి దూరం శ్రీకాకుళం మొదలుకొని ఆదిలాబాదు వరకు ఎందరో తెలుగు యువతీయువకుల జీవితాలను మలుపు తిప్పింది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలలోని శిక్షణ సంస్థల బోర్డుల మీద జావా, ఒరాకిల్ పేర్ల సరసన కాలక్రమంలో పైథాన్ పేరు కూడా చేరింది. హాస్టలు గదులలో తలదాచుకొని, జిరాక్స్ నోట్సు చేతబట్టుకొని ఈ విద్యలు నేర్చి ఉద్యోగాలు సంపాదించినవారు మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉంటారు. వారు శిక్షణకు రుసుము చెల్లించారు. కాని పైథాన్ భాషను వాడుకొన్నందుకు ఎవరికీ ఒక్క రూపాయి చెల్లించలేదు. మరి ఆ భాషను సృష్టించినవారెవరు? దానిని ఈనాటికీ కాపాడుతున్నవారెవరు?

కంప్యూటరుకు మనం ఇచ్చే ఆజ్ఞలను నియమబద్ధంగా రాయడానికి ఉపయోగపడేది ప్రోగ్రామింగ్ భాష. మనిషి రాసిన ఆ వాక్యాలను చదివి యంత్రం చేత పని చేయించడానికి మరొక సాఫ్ట్‌వేరు కావాలి. పైథాన్ విషయంలో దానిని ఇంటర్‌ప్రెటర్ అంటారు. ఆ సాఫ్ట్‌వేరు ఏ విధంగా రాయబడిందో తెలిపే మూలరచనయే సోర్స్ కోడ్. దానిని ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి అనుమతి ఉన్నప్పుడు దానిని ఓపెన్ సోర్స్ అంటారు. పైథాన్ అటువంటి భాష.

నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల రోజులలో, ఈ భాషా రచనకు పూనుకొన్నాడు. 1991 ఫిబ్రవరిలో దానిని లోకానికి అందించాడు. పైథాన్ అనే పేరు కొండచిలువను చూసి పెట్టినది కాదు. ‘మాంటీ పైథాన్’ అనే ఆంగ్ల హాస్య కార్యక్రమం మీది అభిమానంతో పెట్టినది. నాటి ఏకవ్యక్తి ప్రయత్నం నేడు అనేక దేశాలవారి సమష్టి కృషిగా పరిణమించింది.

ఒక భాషను సృష్టించడం చెరువు కట్టడం వంటిది. కట్టడంతో పని ముగియదు. ఏటేటా పూడిక తీయాలి, గండి పడితే పూడ్చాలి, తూము సరిచూడాలి. కాకతీయుల కాలంలో వెలసిన రామప్ప, పాకాల చెరువులను మనం వేనోళ్ళ కొనియాడుతాం. కాని చెరువు నీటిని కనిపెట్టుకొని ఉండే తెలంగాణ గ్రామాలలోని నీరటికాండ్రను, చెరువు సంరక్షణకు రాయలసీమలో ఇచ్చిన దశబంధ మాన్యాలను అంతగా స్మరించం. సాఫ్ట్‌వేరు లోకంలోనూ ఇదే న్యాయం. కొత్తదనానికి లభించే కీర్తి సంరక్షణకు లభించదు.

పైథాన్ సంరక్షకులు నిత్యం చేసే పని ఇటువంటిదే. వాడుకరులు తెలిపిన దోషాలను పరిశీలించాలి. ఒక దోషాన్ని దిద్దితే మరొకచోట చెడలేదని పరీక్షించాలి. భద్రతా లోపాలను వెంటనే సవరించాలి. ఎవరైనా భాషలో పెద్ద మార్పు కోరితే, దాని అవసరాన్ని, లాభనష్టాలను వివరిస్తూ ‘పెప్’ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. దానిపై బహిరంగంగా చర్చ జరుగుతుంది. చిరకాలం తుది నిర్ణయం వాన్ రోసమ్‌దే. 2018లో ఒక ప్రతిపాదనపై జరిగిన తీవ్ర వాదోపవాదాలతో అలసిపోయి, ఆయన ఆ బాధ్యత నుండి తప్పుకొన్నాడు. అధికారం చేతిలో ఉన్నవాడు దానిని తానుగా వదులుకోవడం అరుదైన విషయం. 2019 నుండి ఎన్నికైన ఐదుగురు సభ్యుల మండలి ఆ బాధ్యత వహిస్తున్నది. ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించి ఈ మండలిలో ఉండరాదన్నది నియమం. ఉమ్మడి సొత్తు ఒకరి గుప్పిట్లోకి పోకుండా చేసిన ఏర్పాటు ఇది.

మనుషుల భాషకు, యంత్ర భాషకు ఒక ముఖ్యమైన భేదమున్నది. పదకొండవ శతాబ్దపు నన్నయ పద్యాన్ని నేటి పాఠకుడు కొంత శ్రమించి అయినా అర్థం చేసుకొనగలడు. యంత్రానికి ఆ సహృదయత లేదు. నియమం మారితే నిన్నటి వాక్యం నేడు తప్పవుతుంది. 2008లో మూడవ తరం పైథాన్ వెలువడినప్పుడు ఇదే జరిగింది. 7ను 2తో భాగించమంటే పాత పైథాన్ 3 అని చెప్పేది; కొత్తది 3.5 అని చెప్పింది. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములెన్నో తిరిగి రాయవలసి వచ్చింది. అందుచేత రెండవ తరాన్ని వెంటనే విడిచిపెట్టక, 2020 జనవరి 1 వరకు పోషించారు. మార్పు ఎంత అవసరమైనదైనా, దానిని అందుకోవడానికి జనానికి వ్యవధి కావాలని ఈ అనుభవం నేర్పింది.

ఆ మార్పు వలన తెలుగుకు మేలే కలిగింది. ‘తెలుగు’ అనే మాటను యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, దాని పొడవెంత అని అడిగితే పాత పైథాన్ సాధారణంగా 18 అనేది. అది అక్షరాలను కాక, వాటిని భద్రపరచిన బైట్లను లెక్కించేది. కొత్త పైథాన్ యూనికోడ్ గుర్తులను లెక్కించి 6 అంటుంది. కాని ఒకటవ తరగతి పిల్లవాడు సైతం మూడక్షరాలనే చెబుతాడు! త, ల, గ అనే హల్లులను, వాటిపైనున్న గుణింతపు గుర్తులను యంత్రం వేర్వేరుగా చూస్తున్నది. 18 నుండి 6కు రావడానికి ఎందరో శ్రమించారు. 6 నుండి 3కు చేర్చే ఉపకరణాలను తీర్చిదిద్దడం తెలుగు అక్షర స్వరూపం ఎరిగినవారు పాలుపంచుకోవలసిన పని.

అందుకు ఎక్కడికో పోనక్కరలేదు. దోషం కనిపించినప్పుడు స్పష్టంగా తెలపడం, వివరణలోని పొరపాటును సవరించడం, అనువదించడం – ఇవన్నీ సేవలే. జపనీయులు, ఫ్రెంచివారు పైథాన్ వివరణ గ్రంథాలను తమ భాషలలోకి తెచ్చుకొన్నారు. ఆ మార్గం మనకూ తెరచియే ఉన్నది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు అమీర్‌పేట దారి పట్టవచ్చు. అక్కడ నేర్చిన విద్యతో జీవనోపాధి పొందడం ఎంతమాత్రం తప్పు కాదు. కాని చెరువు నీటితో పొలం పండించుకొన్న రైతు, పూడిక తీసేనాడు తానూ ఒక తట్ట మట్టి మోస్తాడు. ఆ తట్టెడు మట్టిని మీరూ మోసిననాడు, పరుల శ్రమఫలంగా మీకు అందిన భాష మీది కూడా అవుతుంది.