దేశానికొక ఆవర్జా

ఆస్ట్రేలియాలో ఎన్ని వ్యాపారాలు నడుస్తున్నాయి? ప్రశ్న చిన్నదే. కాని దీనికి నమ్మదగిన సమాధానం లేనిదే జాతీయోత్పత్తిని గాని, ఉద్యోగాల తీరును గాని, చిల్లర వర్తకపు హెచ్చుతగ్గులను గాని సరిగా అంచనా వేయడం సాధ్యం కాదు. గణాంక శాఖ ప్రతి దుకాణాన్నీ ప్రతి నెలా ప్రశ్నించలేదు. కొన్నింటిని ఎంపిక చేసి, వాటి జవాబుల నుండి మొత్తాన్ని లెక్కగడుతుంది. ఆ ఎంపికకు ముందు పూర్తి జాబితా కావాలి. జాబితాలో లేని వ్యాపారం ఎంపికకే రాదు. రెండుసార్లు చేరినది రెండింతలుగా లెక్కకు వస్తుంది.

పూర్వం మన షావుకార్లు రోజువారీ పద్దులను చిట్టాలో వ్రాసి, పేరుపేరునా ఖాతాలను ఆవర్జాలో తీర్చేవారు. జాతీయ వ్యాపార రిజిస్టరు దేశానికి అటువంటి ఆవర్జా.

ఆస్ట్రేలియాలో ఒకప్పుడు కర్మాగారాలకు, చిల్లర దుకాణాలకు వేర్వేరు గణనలు జరిగేవి. వాటి నిర్వచనాలు కూడా వేర్వేరే. 1968-69 ఆర్థిక గణనలో తొలిసారిగా గనులు, పరిశ్రమలు, టోకు, చిల్లర వర్తకాలను ఒకే పద్ధతిలో లెక్కించారు. తరువాత రిజిస్టరుకు ముఖ్యాధారం జీతాల నుండి పన్ను మినహాయించే యజమానుల వివరాలు. పనివారు లేకుండా ఒంటరిగా వ్యాపారం చేసుకొనేవారు అటువంటి జాబితాకు అందరు.

2000 జూలై 1న 10 శాతం జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది. దానితోపాటే 1999 నాటి చట్టం ప్రకారం ప్రతి వ్యాపారానికీ పదకొండు అంకెల ఏ.బి.ఎన్. సంఖ్య లభించింది. ఇందులో మొదటి రెండూ సరిచూపు అంకెలు. మొదటి అంకెలో ఒకటి తగ్గించి, అంకెలను వరుసగా 10, 1, 3, 5, 7, 9, 11, 13, 15, 17, 19లతో గుణించి కూడితే, ఆ మొత్తం 89 చేత నిశ్శేషంగా భాగింపబడాలి. ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు. 2002లో గణాంక శాఖ తన రిజిస్టరును ఈ సంఖ్యల ఆధారంగా పునర్నిర్మించింది.

అయితే ఒక సంఖ్య ఒక వ్యాపారానికి సమానమా? చిన్న సంస్థల విషయంలో దాదాపు అంతే. పెద్ద సంస్థల విషయం వేరు. ఒకే కుటుంబానికి చెందిన అనేక కంపెనీలు గనిని, ఓడరేవును, రవాణాను నడుపుతుండవచ్చు. అటువంటి వాటితో గణాంక శాఖ నేరుగా మాట్లాడి, ఏ కార్యకలాపం ఏ పరిశ్రమకు చెందుతుందో విడదీస్తుంది.

మరొక చిక్కు, మూతపడినా పేరు మిగిలిన వ్యాపారాలు. అందుచేత వార్షిక లెక్కలో జి.ఎస్.టి.లో నమోదై, చురుకుగా ఉన్నవాటినే చేరుస్తారు. 2024 జూన్ నాటికి అవి సుమారు 26 లక్షల 60 వేలు. ఏటా 75,000 డాలర్ల లోపు రాబడి గలవారికి ఈ నమోదు తప్పనిసరి కాదు గనుక, ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే గృహిణి ఈ లెక్కలో కనబడకపోవచ్చు. టాక్సీ నడిపేవారికి మాత్రం రాబడి ఎంతైనా నమోదు తప్పదు.

భారతదేశంలో 1977 నుండి ఇంటింటికీ తిరిగే ఆర్థిక గణన జరిగింది. 2013-14 గణనలో సుమారు 5.85 కోట్ల సంస్థలు తేలాయి. గణన ఒకనాటి ఛాయాచిత్రం. రిజిస్టరు నిత్యం దిద్దుకొనే ఖాతా. 2017 జూలై 1న అక్కడా జి.ఎస్.టి. వచ్చింది. కాని ఆ సంఖ్య రాష్ట్రానికొకటి. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను వర్తకం చేసే సంస్థకు రెండు సంఖ్యలుంటాయి. వాటిని ఒకే సంస్థగా గుర్తించడానికి పాన్ సంఖ్యే సూత్రం.

సర్వేలో చెప్పిన వివరాలు పన్నుల శాఖకు చేరుతాయేమోనని కొందరికి సందేహం. పన్నుల శాఖ వివరాలు గణాంక శాఖకు వస్తాయి గాని, సర్వే జవాబులు తిరిగి అటు పోవు. 1905 నాటి గణన, గణాంకాల చట్టం ఆ గోప్యతను కాపాడుతుంది.

చిరునామా గాని, వృత్తి గాని మారినప్పుడు 28 రోజులలో తెలియజేయడం ఏ.బి.ఎన్. గలవారి విధి. వరదలు, కార్చిచ్చులు వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో ఏయే వ్యాపారాలున్నాయో ప్రభుత్వ సంస్థలు గుర్తించేది ఈ రిజిస్టరుతోనే. మసాలా దినుసుల దుకాణం భోజనశాలగా మారినా పాత పేరుతోనే ఉండిపోతే, సాయం వెతుక్కుంటూ వచ్చేవారు దుకాణం కోసమే వెతుకుతారు. ఆవర్జా ఎంత గొప్పదైనా, అందులోని పద్దు మనం చెప్పినంత నిజమే.