సల్సా క్లాస్‌లో చేరారా? టర్న్‌లు తర్వాత.. ముందు ఈ బేసిక్స్ సరిచేసుకోండి!

హైటెక్ సిటీలో లాగౌట్ అయ్యాక కొందరు జిమ్‌కి వెళ్తారు, కొందరు నేరుగా హాస్టల్‌కి వెళ్లిపోతారు. ఇంకొందరు మాత్రం మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు డ్యాన్స్ స్టూడియోల బాట పడుతున్నారు. అక్కడ నేర్చుకునేది సల్సా, బచాటా లాంటి జోడీ డ్యాన్స్‌లు. జోడీ లేదే అని ఆగాల్సిన పనిలేదు. క్లాసుల్లో సాధారణంగా కొన్ని నిమిషాలకోసారి పార్ట్‌నర్లను మారుస్తుంటారు.

అయితే చాలామందికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రీల్స్‌లో చూసిన టర్న్‌లు రెండో వారానికే వచ్చేయాలనుకుంటారు. దాంతో పార్ట్‌నర్ చెయ్యి మెలిపడుతుంది, భుజం పట్టేస్తుంది, ‘ఇది మనవల్ల కాదులే’ అని క్లాస్ మానేస్తారు. నిజానికి వాళ్లకి రానిది డ్యాన్స్ కాదు, బేసిక్స్.

ఊరు వదిలి వచ్చినవాళ్ల డ్యాన్స్

క్యూబా సంగీతం న్యూయార్క్‌లోని ప్యూర్టో రికో, క్యూబా వలస కుటుంబాల మధ్య కొత్త రూపం తీసుకుని, 1960, 70లలో సల్సా పేరుతో పాపులర్ అయింది. 1964లో అక్కడ మొదలైన ఫానియా రికార్డ్స్ దాన్ని ప్రపంచానికి చేర్చింది. బచాటా డొమినికన్ రిపబ్లిక్‌ది. 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కించుకుంది. సొంతూరు వదిలొచ్చి, తెలియనివాళ్ల మధ్య బతుకుతున్న ఐటీ కారిడార్ కుర్రకారుకి ఇది నచ్చడంలో వింతేం లేదు.

లెక్క 8.. అడుగులు 6

ఆది తాళంలో లాగే సల్సాలోనూ లెక్క 8. కానీ అడుగులు ఆరే. 1, 2, 3కి అడుగు వేసి 4కి ఆగాలి. 5, 6, 7కి అడుగు వేసి 8కి ఆగాలి. ‘ఆన్ వన్’ పద్ధతిలో లీడర్ 1కి ఎడమ కాలు ముందుకు వేస్తే, ఫాలోవర్ కుడి కాలు వెనక్కి వేస్తారు. లీడర్ మగవాళ్లే కావాలన్న రూలేమీ లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఏంటంటే.. ఆ 4, 8 దగ్గర ఆగకుండా పరుగెత్తడం. దీనికి మందు ఒక్కటే. కాళ్లు కదపకుండా పాట విని, ‘ఒకటి’ ఎక్కడ పడుతోందో చప్పట్లతో పట్టుకోవాలి. అది దొరికాకే అడుగు. సల్సా మరీ స్పీడ్‌గా అనిపిస్తే బచాటాతో మొదలుపెట్టొచ్చు. పక్కకి మూడు అడుగులు, నాలుగో లెక్కకి చిన్న ట్యాప్, మళ్లీ అటువైపు. అంతే.

మీ బరువు మీ కాళ్ల మీదే

అడుగు వేయడం అంటే కాలు అక్కడ పెట్టడం కాదు, ఒంటి బరువు ఆ కాలి మీదకి మార్చడం. బరువు రెండు కాళ్ల మీదా ఉండిపోతే తర్వాత ఏ కాలు వేయాలో తెలియదు. పాట వేగం పెరిగేకొద్దీ అడుగులు చిన్నవి చేయాలి.

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి మెడ ముందుకి, భుజాలు లోపలికి వంగిపోతాయి. డ్యాన్స్‌లోనూ అదే భంగిమ వచ్చేస్తుంది. చూపు నేల మీద కాకుండా ఎదురుగా ఉంటే సగం సర్దుకుంటుంది.

చెయ్యి స్టీరింగ్ కాదు

కోలాటం ఆడినవాళ్లకి ఈ సంగతి తెలుసు. కర్ర మరీ గట్టిగా కొడితే ఎదుటివాళ్ల చెయ్యి అదురుతుంది, మరీ మెత్తగా కొడితే తాళం వినపడదు. ఇక్కడా అంతే. వేళ్లు తగిలించి ఉంచాలి, బొటనవేలితో నొక్కి పట్టుకోకూడదు. లీడర్ తన ఒంటి కదలికతో దారి చూపాలి, చెయ్యి పట్టి లాగకూడదు. టర్న్‌లో ఫాలోవర్ చెయ్యి వాళ్ల తల మీదుగానే వెళ్లాలి, వెనక్కి మెలిపెట్టకూడదు. ఫాలోవర్ కూడా తర్వాతి స్టెప్ ఊహించుకుని ముందే తిరిగేయకుండా, సిగ్నల్ అందేదాకా ఆగాలి.

‘వద్దు’ అంటే వద్దు

నేర్చుకున్నాక చాలామంది సోషల్ డ్యాన్స్ నైట్లకి వెళ్తారు. అక్కడ తెలియనివాళ్లని డ్యాన్స్‌కి అడగడం మామూలే. ‘వద్దు’ అని చెప్పడమూ అంతే మామూలు. దానికి కారణం చెప్పనక్కర్లేదు, అడగకూడదు. బచాటాలో మరీ దగ్గరగా చేసే స్టైల్స్ ఉన్నాయి. ఎంత దూరం అన్నది ఇద్దరికీ సమ్మతమైతేనే. ఇబ్బందిగా ఉంటే పాట మధ్యలోనైనా ఆగి వెళ్లిపోవచ్చు. స్టూడియో ఎంచుకునేటప్పుడు ఈ విషయాలు మొదటి క్లాసులోనే చెబుతున్నారా, లేదా చూడండి. వేధింపులు ఎదురైతే 112కి కాల్ చేయొచ్చు, షీ టీమ్స్‌ని ఆశ్రయించొచ్చు.

ఇంట్లో 10 నిమిషాలు చాలు

* రోజూ 2 పాటలకి బేసిక్ స్టెప్ మాత్రమే చేయండి. టర్న్‌లు వద్దు.
* ఫోన్‌లో వీడియో తీసుకుని, 4, 8 దగ్గర ఆగుతున్నారో లేదో చూసుకోండి.
* బాగా గ్రిప్ ఉన్న స్పోర్ట్స్ షూ వద్దు. తిరిగేటప్పుడు పాదం నేలకి పట్టేసి, భారం మోకాలి మీద పడుతుంది.
* క్లాస్‌కి అదనపు టీషర్ట్, చిన్న టవల్ తీసుకెళ్లండి. చెమట పార్ట్‌నర్‌కి ఇబ్బంది.
* భుజం, మోకాలి నొప్పి తగ్గకపోతే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌ని కలవండి.

మరి ఇంప్రూవ్ అవుతున్నట్టు ఎలా తెలుస్తుంది? ఎన్ని టర్న్‌లు వచ్చాయో లెక్కపెట్టకండి. కొత్త పార్ట్‌నర్‌తో ఒక పాట మొత్తం, బీట్ తప్పకుండా, ఎవరి చెయ్యీ నొప్పి పుట్టకుండా బేసిక్ స్టెప్‌తోనే పూర్తి చేయగలిగితే, టర్న్‌లు మొదలుపెట్టడానికి మీరు రెడీ అన్నమాట.