ప్రభుత్వ ఆఫీసులకు సరుకు అమ్మాలంటే: సంఘం లోనుతో యూనిట్ పెట్టుకున్నవారు తెలుసుకోవలసినవి

సంఘం లోనుతో కుట్టు మిషన్లు కొన్నారు, లేదా ఫినాయిల్, గుడ్డ సంచులు, పచ్చళ్ల యూనిట్ పెట్టారు. ఊళ్లో అమ్మేది ఊళ్లోనే అయిపోతుంది. కొందరికి బడి పిల్లల యూనిఫాం కుట్టే పని సంఘం ద్వారా వస్తోంది, కానీ అది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా నెలల్లో మిషన్లు ఖాళీగానే ఉంటాయి, లోను కిస్తీ మాత్రం ఆగదు. రైల్వే, పోస్టాఫీసు, రామగుండం ఎన్టీపీసీ, బీహెచ్ఈఎల్ వంటి సంస్థలకు దుప్పట్లు, కర్టెన్లు, చీపుళ్లు, ఫైలు కవర్లు ఏడాది పొడవునా కావాలి. అవి మీలాంటి యూనిట్ల దగ్గర కూడా కొనాలని రూలు ఉంది.

రూలు ఏం చెబుతుంది?

2012లో కేంద్రం చిన్న పరిశ్రమల కోసం కొనుగోలు విధానం ఒకటి తెచ్చింది. దాని ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా చేసే కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచే కొనాలి. ఆ 25లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. 358 రకాల వస్తువులైతే మొత్తంగా మనకే కేటాయించారు. టెండరు ఫారానికి డబ్బు కట్టనక్కర లేదు, ధరావత్తు (ఈఎండీ) కూడా మినహాయింపే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ సౌకర్యాలు తయారుచేసేవారికి, సేవలు అందించేవారికి మాత్రమే. హోల్‌సేల్‌లో కొని తెచ్చి అమ్మే వ్యాపారానికి వర్తించవు. చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. రాష్ట్ర శాఖల టెండర్ల షరతులు వేరుగా ఉంటాయి కాబట్టి వాటి కాగితం వేరే చదువుకోవాలి.

ముందు ఉద్యం నంబరు

ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది. పూర్తిగా ఉచితం, ఒక్క రూపాయి ఫీజు లేదు. ఎవరైనా రెండు వేలు, మూడు వేలు అడిగితే అది ప్రభుత్వ ఫీజు కాదు, వాళ్ల జేబుకే. అచ్చం ప్రభుత్వ సైట్ లాగే కనిపించే ప్రైవేటు సైట్లు కూడా ఉన్నాయి, చూసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఫారంలో తయారీ అనే చోట తయారీ అనే పెట్టించండి. నింపే కుర్రాడు తొందరలో ట్రేడింగ్ అని పెడితే పైన చెప్పినవేవీ మీకు రావు. మహిళా యూనిట్‌గా లెక్కకు రావాలంటే యజమాని మహిళే అయి ఉండాలి, భాగస్వామ్యమైతే మహిళల వాటా కనీసం 51 శాతం ఉండాలి.

తర్వాత జెమ్ పోర్టల్‌లో అమ్మకందారుగా చేరాలి. 2016లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు ఇది. చేరడానికి ఫీజు లేదు. 50 వేల రూపాయల లోపు సరుకును ఆఫీసులు అక్కడ నచ్చిన అమ్మకందారు దగ్గర నేరుగా కొనవచ్చు. కొత్తవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే మేలు. అంతకు పైన 10 లక్షల వరకు కనీసం ముగ్గురి ధరలు పోల్చి, తక్కువ ధరకు ఇస్తారు. 10 లక్షలు దాటితే బిడ్ పెట్టాల్సిందే.

ధర ఎలా వేయాలి?

నష్టం వచ్చేది ఎక్కువగా ఇక్కడే. జెమ్‌లో మీరు పెట్టే ధరలో పన్నులు, రవాణా, దింపుడు కూలీ అన్నీ కలిసే ఉంటాయి. ఆటో కిరాయి తర్వాత అడగడం కుదరదు.

ఒక లెక్క చూద్దాం. 1000 దుప్పట్లకు బిడ్ పిలిచారు. ఒక పెద్ద కంపెనీ ఒక్కోటి 200కి వేసింది, మీరు 225కి వేశారు. మీ ధర వాళ్ల కంటే 15 శాతం లోపే ఎక్కువ కాబట్టి, మీరు 200కి దిగితే కనీసం 25 శాతం, అంటే 250 దుప్పట్లు, మీకు ఇవ్వాలి. వినడానికి బాగుంది. కానీ బట్ట, దారం, కూలీ, కరెంటు, కిరాయి కలిపి మీకు 205 పడుతుంటే? 250 దుప్పట్లకు 1250 రూపాయలు చేతి నుంచి పోతాయి. అలాంటప్పుడు వద్దని చెప్పడమే మంచిది. ఆర్డరు వచ్చిందన్న సంబరంలో లెక్క మరిచిపోవద్దు.

ఆర్డరు ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం వరకు కోత పడుతుంది. పండగ నెలలో కుట్టేవాళ్లు దొరకరు, గడువు ఒప్పుకునే ముందే ఇది ఆలోచించుకోండి. పెద్ద కాంట్రాక్టుల్లో 3 నుంచి 5 శాతం పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ కూడా అడుగుతారు. ఈఎండీ మినహాయింపు ఉంది కదా అని ఇదీ ఉండదనుకోవద్దు.

బిల్లు రాకపోతే?

అందరినీ భయపెట్టేది ఇదే. బట్ట అప్పు తెచ్చి కొంటాం, కూలీ వారం వారం ఇవ్వాలి, ఆఫీసు డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. జెమ్‌లో సరుకు అందింది, బాగుంది అని ఆఫీసువాళ్లు ధ్రువపత్రం ఇచ్చాక 10 రోజుల్లో డబ్బు పడాలి. ఆ పత్రం ఇచ్చారో లేదో మీరే లాగిన్ అయి చూసుకుంటూ ఉండాలి. ఇవ్వకపోతే ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడకండి.

జెమ్ బయట అమ్మినా 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మీ వైపే ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే సరుకు అంగీకరించాక 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి ఉద్యం నంబరు ఆర్డరుకు ముందే ఉండాలి. గొడవ వచ్చాక తీసుకుంటే చిక్కే.

సరుకు మీద అభ్యంతరం ఉంటే 15 రోజుల్లోపు వాళ్లు రాసి ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. లేదంటే సరుకు అప్పగించిన రోజే అంగీకరించినట్టు లెక్క. అందుకే దింపిన రోజు చలానా మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకుని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్టోర్‌లో మనిషి లేడు, రేపు వేస్తాం అంటే కాసేపు కూర్చోండి.

ఫారాల్లో సాయం కావాలంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకుని వెళ్లండి. ముందుగా మీ వీవోఏకు గానీ ఏపీఎంకు గానీ చెబితే, మీ మండలంలో ఇప్పటికే జెమ్‌లో అమ్ముతున్న సంఘం ఉంటే వాళ్లతో మాట్లాడిస్తారు.