బండి నా పేరు మీదే... కానీ!

మా వారూ నేనూ రోజూ ఒకే దారిన ఆఫీసులకు వెళ్తాం. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. ఆయనది ఖైరతాబాద్, నాది నాంపల్లి. ఇద్దరికీ ఒకటే మెట్రో లైను. అయినా ఆయన మెట్రో ఎక్కుతారు, నేను బస్సెక్కుతాను.

ఎందుకంటే ఆయన ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. అంతే! నాకలా కుదురుతుందా? పొద్దున పాపను మలక్‌పేటలో స్కూలు దగ్గర దింపాలి. సాయంత్రం కోఠీలో దిగి అత్తయ్యగారి బీపీ మాత్రలు, బస్టాపు పక్కన తోపుడు బండి మీద కూరలు, ఆ తర్వాత పాప ట్యూషన్. మెట్రోలో దిగి ఎక్కిన ప్రతిసారీ కొత్త టికెట్టే. సిటీ బస్సుల్లో అయితే 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు జీరో టికెట్ కదా! సీటు దొరకదన్నది నిజమే. కూరల సంచీతో నిలబడేసరికి భుజం లాగేస్తుంది.

పాపను ఆయన దింపవచ్చుగా అంటారేమో. స్కూలు ఎనిమిదిన్నరకి. ఆయన లేచేదే ఏడున్నరకి! నేను ఊడ్చేవాళ్ల కంటే ముందే ఆఫీసులో ఉంటాను.

అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే రోజు మాత్రం ఆటోనే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ బస్సు మెట్లెక్కలేరు. మార్చి నెలలో లెక్కలు తేలక రాత్రి ఎనిమిది దాటితే నేనూ మెట్రోనే. వెలుతురుంటుంది, జనముంటారు.

మా పనమ్మాయి ఇదివరకు నడిచి వెళ్లగలిగిన ఇళ్లే ఒప్పుకునేది. చార్జీలు పోను ఏం మిగులుతుందమ్మా అనేది. ఇప్పుడు బస్సెక్కి వెళ్లి ఎల్బీనగర్‌లో ఎక్కువ జీతమిచ్చే ఇల్లు పట్టుకుంది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక విజయవాడలో మా చెల్లెలూ షేర్ ఆటో మానేసింది.

మరి నాకు బండి లేదా? ఉంది. 2016లో పీఎఫ్ లోను తీసి స్కూటీ కొన్నాను. కాలనీ గ్రౌండులో నెల రోజులు పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. ఐదేళ్లు నడిపాను. 2021లో అబ్బాయి ఇంజినీరింగులో చేరాడు. కాలేజీ ఊరవతల. "పాపం, వాడికి బస్సు కుదరదండీ" అన్నది ఎవరో కాదు, నేనే. ఆర్సీలో పేరు నాది, పెట్రోలు డబ్బులు నావి. తాళంచెవి మాత్రం వాడి జేబులో!

ఇప్పుడు వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. సెల్లార్‌లో దుమ్ము పట్టిన బండిని చూసి "అమ్మేద్దామా?" అన్నారు మా వారు. వద్దన్నాను. ఆదివారం సర్వీసింగ్‌కి ఇచ్చి వచ్చాను. చాదర్‌ఘాట్ ట్రాఫిక్ తలుచుకుంటే గుండె దడే. ముందు మలక్‌పేట దాకా వెళ్లి చూస్తాను.