ఉత్తరవాహిని లేనా

కాశీలో గంగ ఉత్తరదిక్కుగా ప్రవహిస్తుంది గనుక అక్కడి స్నానం విశేష పుణ్యప్రదమని మన పెద్దలు చెబుతారు. పాఠం చెప్పేటప్పుడు ‘ఉత్తరవాహిని’ అన్న మాట తగిలినప్పుడల్లా నా మనస్సు మాత్రం కాశీకి కాక సైబీరియాకు పరుగెడుతుంది. పుట్టినచోటు నుంచి సముద్రం దాకా మొత్తంమీద ఉత్తరానికే నడిచే మహానది ఒకటి అక్కడ ఉన్నది. దాని పేరు లేనా.

బైకాల్ సరస్సుకు అతి చేరువలో, పడమటి కొండల్లో పుడుతుంది లేనా. అయినా ఆ సరస్సు ముఖం చూడకుండా సుమారు 4,400 కిలోమీటర్లు నడిచి, ఉత్తరధ్రువం వైపున లాప్టేవ్ సముద్రంలో కలుస్తుంది. అంటే మన గోదావరికి మూడు రెట్లన్నమాట! విటిమ్, ఒలెక్మా, ఆల్డాన్, విల్యూయ్ దారిలో వచ్చి చేరే ఉపనదులు. సముద్రతీరాన అది పరిచిన డెల్టా దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు.

మరి ఈ ఉత్తరవాహిని వల్ల పుణ్యమేనా? ఆ ఒడ్డున కాపురముండేవారిని అడగాలి! మన నదులకు వానలతో వరద వస్తుంది. లేనాకు వసంతంతో వస్తుంది. ఎగువ ప్రాంతం దక్షిణాన ఉన్నది గనుక అక్కడి మంచు ముందు కరుగుతుంది. దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పైనుంచి కొట్టుకొచ్చిన మంచుగడ్డలు ఆ గట్టి మంచుకు తగిలి, ఒకదానిపై ఒకటెక్కి, ఆనకట్టలా అడ్డుపడతాయి. నీటికి దారేదీ? ఊళ్ళమీద పడుతుంది. 2001 మే నెలలో లేన్‌స్క్ పట్టణం అలాగే మునిగింది. మంచును పగలగొట్టడానికి విమానాలతో బాంబులు వేశారు. అయినా వేలాది ఇళ్ళు దెబ్బతిన్నాయి.

దిగువన 1632లో వెలసిన యాకూత్‌స్క్ నగరం ఉన్నది. జనవరిలో చలి సున్నకు 40 డిగ్రీలు దిగువకు జారడం అక్కడ మామూలు. అప్పుడు నదే రహదారి. దానిమీద లారీలు నడుస్తాయి. 2019లో ప్రయాణికుల రైలు వచ్చింది గాని, అది ఆగింది ఎదుటి ఒడ్డున!

ఆ నగరంలో షేర్గిన్ అనే వర్తకుడు 1828లో నీళ్ళకోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి సుమారు 116 మీటర్లు తవ్వినా చుక్క నీరు పడలేదు; అడుగు దాకా నేల గడ్డకట్టే ఉన్నది. తరువాత 1840లలో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు అందులో దిగువకు పోయేకొద్దీ ఉష్ణోగ్రతలు కొలిచాడు. బావి నీళ్ళివ్వలేదు గాని శాస్త్రాన్నిచ్చింది.

ఆ గడ్డకట్టిన నేలే అక్కడి మేడలకు పునాది. ఇంటి వెచ్చదనం నేలకు తగలకుండా గుంజలు దింపి, వాటిమీద పైకెత్తి కడతారు. ఇప్పుడు భూగోళం వేడెక్కుతున్నది. ఆ నేల మెత్తబడి గోడలు బీటలు తీస్తున్నాయి. నదిమీది మంచు సకాలంలో కరగకపోతే వరద. నేలలోని మంచు కరిగితే ఇల్లు నిలవదు. లేనా ఒడ్డున సంసారమంటే ఈ రెండు మంచుల నడుమ బ్రతుకే.