పెద్దల విదేశ ప్రయాణం – వైద్య బీమా: ఒక అనుభవం

ఒకప్పుడు మన టౌన్‌షిప్పులో పదవీ విరమణ చేసిన పెద్దలు కాశీకో రామేశ్వరానికో ప్రయాణం కట్టేవారు. ఇప్పుడు సాయంత్రం పూట పార్కులోని సిమెంటు బల్లల దగ్గర వినవచ్చే మాటలు వేరు. "అమ్మాయికి నెలలు నిండుతున్నవి, వచ్చే వారం బయలుదేరుతున్నాము" అని ఒకరంటే, "మేము ఆరు నెలలూ ఉండి సంక్రాంతి దాటాక వస్తాము" అని మరొకరంటారు. పెట్టెల తూకం గురించి, ఆవకాయ సీసా మూత గురించి, విమానాశ్రయంలో వీల్ ఛైరు గురించి అరగంట సేపు చర్చ జరుగుతుంది. వైద్య బీమా ప్రస్తావన వచ్చేసరికి మాత్రం "అబ్బాయి ఏదో తీసికొన్నాడట" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ "ఏదో" అన్న మాట ఖరీదు ఎంతో మా కుటుంబం 2016లో తెలిసికొన్నది.

ఆ సంవత్సరం మా అత్తగారూ మామగారూ డల్లాసులో ఉన్న మా మరదలి పురిటికి వెళ్ళారు. అత్తగారికి అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు, పదిహేనేళ్ళుగా మధుమేహం. ప్రయాణానికి పది రోజుల వ్యవధి ఉండగా బీమా పని నాకు అప్పగించారు. తెలిసిన ఏజెంటు ఫారం తెచ్చాడు. "ప్రస్తుతం ఉన్న వ్యాధులు" అన్న గడి దగ్గర నేను ఆగితే అతడు నవ్వి, "షుగరు లేని ఇల్లు ఎక్కడుందండీ? ఉందని వ్రాస్తే ఇ.సి.జి. అంటారు, రక్తపరీక్షలంటారు, ప్రీమియం పెరుగుతుంది, తేదీ దాటిపోతుంది" అన్నాడు. నేను "లేదు" అని వ్రాశాను. తప్పు ఏజెంటు మీదికి నెట్టడం సులభమే కాని, కలం నా చేతిలోనే ఉన్నది. ముప్పై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో ఏ ఒక్క సేఫ్టీ వాల్వునూ స్వయంగా పరీక్షించకుండా సర్టిఫికేటు మీద సంతకం పెట్టని వాడిని, ఆ ఫారం మీద మాత్రం నిమిషంలో పెట్టాను.

వెళ్ళిన ఆరవ వారంలో కూతురు కొనిపెట్టిన కొత్త బూట్లు వేసికొని అత్తగారు నడకకు వెళ్ళారు. చిటికెన వేలి దగ్గర బొబ్బ లేచింది. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గుతుంది కనుక ఆమెకు నొప్పి తెలియలేదు. పసుపు అద్ది ఊరుకొన్నారు. నాలుగవ నాటికి పాదం వాచి, జ్వరం వచ్చి, రాత్రివేళ అత్యవసర విభాగానికి తీసికొని వెళ్ళవలసి వచ్చింది. చిన్న శస్త్రచికిత్స చేసి చీము తీశారు. నాలుగు రాత్రులు ఆసుపత్రిలో ఉంచారు. కాలు దక్కింది. వైద్యంలో ఏ లోపమూ లేదు.

లోపం తరువాత బయటపడింది. చేర్చుకొనేటప్పుడు అడిగితే అత్తగారే పదిహేనేళ్ళుగా షుగరు ఉన్నదని చెప్పారు. అది ఆసుపత్రి రికార్డులోకి ఎక్కింది. క్లెయిము పంపినపుడు బీమా సంస్థ ఆ రికార్డును, నేను నింపిన ఫారమును పక్కపక్కన పెట్టుకొని చూసింది. చెల్లించజాలమని రెండు పేరాల ఉత్తరం వచ్చింది. ఈలోగా ఆసుపత్రి నుండి ఒకటి, అత్యవసర విభాగపు డాక్టరు నుండి ఒకటి, సర్జను నుండి ఒకటి, లేబొరేటరీ నుండి ఒకటి – ఇలా విడివిడిగా బిల్లులు రాసాగాయి. అన్నీ కూడితే ముప్పై ఎనిమిది వేల డాలర్లు. నాటి మారకపు రేటున పాతిక లక్షల రూపాయల పైచిలుకు. మా మామగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిననాడు చేతికి వచ్చిన మొత్తం కంటె అది ఎక్కువ. అత్తగారు మాత్రం "నా పాత చెప్పులే వేసికొని ఉంటే ఇంత జరిగేది కాదు" అని కుమిలిపోయారు. తప్పు చెప్పులది కాదని, ఫారముదని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

అమెరికాలో అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని త్రిప్పి పంపరు. మెడికేర్ పథకంలో భాగస్వాములైన ఆసుపత్రులు రోగిని పరీక్షించి, ప్రమాదస్థితి నుండి గట్టెక్కించి తీరాలని 1986లో చేసిన చట్టం నిర్దేశిస్తున్నది. కాని ఆ చట్టం వైద్యం చేయమంటుందే తప్ప ఉచితంగా చేయమనదు. 1965లో ఏర్పడిన ఆ మెడికేర్ పథకం అరవై అయిదేళ్ళు దాటిన వృద్ధులకే అయినా, సందర్శకులుగా వెళ్ళిన మన పెద్దలకు వర్తించదు. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 వాహనానికి అలవాటుపడిన మనకు, అక్కడ 911కు ఫోను చేస్తే వచ్చే అంబులెన్సుకు కూడా వేరుగా బిల్లు వస్తుందంటే వింతగా ఉంటుంది. ఇక పదవీ విరమణ తరువాత మనకు లభించే వైద్య పథకం ఈ దేశపు ఆసుపత్రుల వరకే. కార్డు పెట్టెలో ఉన్నది కదా అని ధైర్యపడేవారిని చూశాను కనుక ఈ సంగతి వ్రాస్తున్నాను.

పాలసీ మొదటి పుటలో పెద్ద అక్షరాలతో కనిపించే "50,000 డాలర్లు", "1,00,000 డాలర్లు" అన్న అంకెను మోటారు నేమ్ ప్లేటు మీది అంకెలాగా చూడాలి. ఏ పరిస్థితులలో అంత శక్తి ఇస్తుందో లోపలి కాగితాలే చెబుతాయి. టెండరు పత్రాలలో ధర కంటె ముందు మినహాయింపులు చదవడం మనకు అలవాటే. ఇక్కడా అదే పద్ధతి.

సందర్శకుల కొరకు అమెరికా సంస్థలు అమ్మే పాలసీలు స్థూలంగా రెండు విధాలు. మొదటి రకంలో ప్రతి సేవకూ స్థిరమైన మొత్తం ఉంటుంది. రెండవ రకం సమగ్ర పాలసీ. మా ముప్పై ఎనిమిది వేల బిల్లునే తీసికొని, వ్యాధి పాలసీ పరిధిలోకి వచ్చిందనే అనుకొని లెక్క వేద్దాము. ఉదాహరణకు స్థిర మొత్తపు పాలసీ ఆసుపత్రి పడకకు రోజుకు 1,500 డాలర్లు, సర్జనుకు 2,500, అత్యవసర విభాగానికి 500 ఇస్తుందనుకొందాము. నాలుగు రోజులకు 6,000, తక్కిన రెండూ కలిపి 3,000, మొత్తం 9,000. మిగిలిన 29,000 మన నెత్తినే. సమగ్ర పాలసీలో మొదటి 500 డాలర్లు మనం భరించాలి, దీనినే డిడక్టిబుల్ అంటారు. ఆపైన 5,000 వరకు నూటికి 80 వంతులు సంస్థ, 20 వంతులు మనం. తరువాత గరిష్ఠ పరిమితి దాకా అంతా సంస్థే. ఈ లెక్కన మన వంతు 500, 1,000 కలిపి 1,500 డాలర్లు మాత్రమే. సమగ్ర పాలసీలలో చాలావాటికి ఆసుపత్రుల నెట్‌వర్కు కూడా ఉంటుంది. ఆ ఆసుపత్రులలో ముందే కుదుర్చుకొన్న తగ్గింపు ధరలు అమలౌతాయి కనుక బిల్లే చిన్నదౌతుంది. రెండింటి ప్రీమియంలకూ తేడా ఉన్న మాట నిజం. ఆ తేడాను విమాన టిక్కెట్టు ధరతో పోల్చి చూడండి. మొదటి పుట అంకె ఒకటే కనుక చౌకదానిని కొని, పెద్ద ఆదా చేశామని సంతోషించేవారు మన క్వార్టర్లలో ఎందరో ఉన్నారు.

వయస్సు మీద కూడా దృష్టి ఉంచాలి. డెబ్బై దాటితే, ఎనభై దాటితే అనేక పాలసీలలో గరిష్ఠ పరిమితి మెట్టుమెట్టుగా తగ్గిపోతుంది. అరవై ఏళ్ళకు లక్ష డాలర్లు ఇచ్చే సంస్థ ఎనభై రెండేళ్ళకు అందులో చిన్న భాగమే ఇవ్వవచ్చును.

అన్నిటికంటె చిక్కైనది ముందునుండి ఉన్న వ్యాధుల మాట. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు – అరవై దాటిన వారిలో ఈ మూడింటిలో ఒక్కటైనా లేనివారు అరుదు. చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి. కొన్ని మాత్రం "ఆక్యూట్ ఆన్‌సెట్" అనే మాటతో కొంత వెసులుబాటు ఇస్తాయి. అంటే పాత జబ్బు ఏ హెచ్చరికా లేకుండా హఠాత్తుగా తిరగబెట్టాలి. సాధారణంగా ఇరవై నాలుగు గంటలలోపు వైద్యం పొంది ఉండాలి. మెల్లమెల్లగా ముదిరినది కాకూడదు. ఉన్నట్టుండి వచ్చిన గుండెపోటు ఇందులో ఇమడవచ్చును. నాలుగు రోజులు పసుపు అద్దుకొన్న పాదం ఇమడదు. కనుక నేను నిజం వ్రాసి ఉన్నా ఆ పాలసీ క్రింద డబ్బు తప్పక వచ్చి ఉండేదని చెప్పలేను. కాని నిజం వ్రాసి ఉంటే ఆ పాలసీ కొనేవాడినే కాదు. పాత జబ్బులకు కూడా కొంత పరిమితి వరకు చెల్లించే పాలసీలు, ధర ఎక్కువైనా, ఉన్నవి. వాటిని వెదికి ఉండేవాడిని. ఒక్క మాట దాచినందువల్ల నేను అసలు ప్రశ్ననే వేసికోలేదు.

బీమా ఒప్పందంలో ఇరుపక్షాలూ తమకు తెలిసినదంతా చెప్పుకోవాలన్న సూత్రానికి ప్రసిద్ధమైన తీర్పు 1766 నాటిది. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీ వారి మార్ల్‌బరో కోట శత్రువుల వశమైతే నష్టపరిహారం ఇవ్వాలన్న బీమా మీద కార్టర్, బోహం అనువారి మధ్య వ్యాజ్యం నడిచింది. లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ సూత్రాన్ని వివరించినది అందులోనే. చిత్రమేమంటే ఆ వ్యాజ్యంలో గెలిచినవాడు బీమా చేయించుకొన్న కార్టరే. కోట అదృష్టం మా పాదానికి పట్టలేదు.

మన దేశపు ప్రభుత్వ రంగ బీమా సంస్థలు కూడా విదేశ యాత్రలకు పాలసీలు ఇస్తున్నవి. 2000 తరువాత ప్రైవేటు సంస్థలూ చేరాయి. వీటిని సాధారణంగా బయలుదేరక ముందే తీసికోవాలి. రూపాయలలో చెల్లించడం, ఏదైనా పేచీ వస్తే ఇక్కడే అడగగలగడం వీటి సుగుణం. పెద్ద వయస్సువారికి గది అద్దెకు, సర్జను రుసుముకు విడివిడిగా పరిమితులు పెట్టేవి వీటిలో చాలా ఉన్నవి; ఆ పట్టిక తప్పక అడిగి చూడాలి. అమెరికా సంస్థల పాలసీలను అక్కడ దిగిన తరువాత కూడా కొనవచ్చును గాని, కొన్న నాటికే వచ్చి ఉన్న జబ్బుకు అవి పనికిరావు.

ఇతర దేశాల తీరు వేరు. ఐరోపాలోని షెంజెన్ దేశాలు కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేనిదే స్వల్పకాలపు వీసా ఇవ్వవు. కెనడాలో తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల బీమా ఏడాది కాలానికి ఉండాలి. అమెరికా సందర్శక వీసాకు అటువంటి నిర్బంధం ఏదీ లేదు. ఖర్చు అన్నిటికంటె ఎక్కువైన చోటనే నిర్ణయం మనకు వదిలివేశారు.

మా బిల్లు సంగతి ముగిస్తాను. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయానికి వ్రాతపూర్వకమైన విధానం కలిగి ఉండాలని 2010 నాటి చట్టం చెబుతున్నది. మా తోడల్లుడు ఆ విధానం కాగితం అడిగి తెచ్చుకొని, ప్రతి సూదికీ మాత్రకూ విడివిడిగా లెక్క చూపే బిల్లు తెప్పించి, రెండుసార్లు చేసిన ఒక పద్దును పట్టుకొని, దరఖాస్తు పెట్టాడు. బిల్లు సగానికి పైగా తగ్గింది. మిగిలినది ముప్పై నెలల వాయిదాలలో కట్టాము. నా వంతు నేను పంపాను. సహాయం అందరికీ దొరుకుతుందని కాదు, స్థానికులకే పరిమితం చేసే ఆసుపత్రులూ ఉన్నవి. అయినా అడగకుండా మొదటి బిల్లు కట్టివేయడం మాత్రం తొందరపాటే.

2019లో వారు మళ్ళీ వెళ్ళారు. ఈసారి అన్నీ వ్రాశాను: షుగరు, ఇన్సులిను మోతాదు, మామగారి రక్తపోటు, పాత హెర్నియా ఆపరేషను కూడా. ఏమీ జరగలేదు. "అంత ప్రీమియం వృథా అయింది" అని మామగారు చాలాకాలం గొణిగారు. మన కర్మాగారపు ఫైరింజను గ్యారేజీలోనే ఉన్నందుకు విచారిస్తామా అని అడిగితే జవాబు చెప్పలేదు. 2023 ఫిబ్రవరి మొదటివారంలో, టెక్సాసులో రోడ్లు గాజులా గడ్డకట్టిన రోజులలో, ఆయనే గుమ్మం మెట్టు మీద జారి మణికట్టు విరుగగొట్టుకొన్నారు. బిల్లు 6,800 డాలర్లు. నెట్‌వర్కు ధర ప్రకారం 2,900కు తగ్గింది. డిడక్టిబుల్ 250, మిగిలిన దానిలో అయిదవ వంతు 530 – మేము కట్టినది 780 డాలర్లు. ఆయన మరి గొణగలేదు.

వెంట తీసికొని వెళ్ళే మందుల గురించి రెండు మాటలు. మూడు నెలలకు మించి మందులు వెంట తెచ్చుకోవద్దని అమెరికా మందుల శాఖ సూచిస్తుంది. ఆరు నెలలు ఉండేవారు తక్కినవి ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ ఉండగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి. చీటీలో మన బ్రాండు పేర్లు అక్కడ ఎవరికీ అర్థం కావు, అసలు మందు పేరు వ్రాయించాలి. అదీ ఒక్కొక్కప్పుడు మారుతుంది: మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. రక్తంలోని చక్కెరను అమెరికాలో మనలాగే మిల్లీగ్రాములలో కొలుస్తారు. కెనడాలోను, బ్రిటనులోను కొలత వేరు, అక్కడి అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. "7" అని విని అత్తగారి వయస్సు స్నేహితురాలొకామె టొరంటోలో హడలిపోయి, రెండు లడ్డూలు తిన్నదట.

ఇప్పుడు మరదలి ఇంట్లో రిఫ్రిజిరేటరు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉన్నది. పాలసీ సంఖ్య, రాత్రింబవళ్ళు పలికే ఫోను, దగ్గరలోని నెట్‌వర్కు ఆసుపత్రి, పాలసీ ముగిసే తేదీ. బస పొడిగించవలసి వస్తే ఆ తేదీకి ముందే పాలసీ పొడిగించాలి. ఒక్క రోజు ఖాళీ పడినా, తరువాత కొన్నది కొత్త పాలసీ అవుతుంది, ఈలోపల వచ్చినదంతా పాత జబ్బు క్రింద జమ అవుతుంది. మొన్న దసరా తరువాత మళ్ళీ ప్రయాణం కుదిరినపుడు ఫారం నింపుతూ కూర్చున్నాను. అత్తగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకొని, "అల్లుడుగారూ, నాకు షుగరు ఉందని వ్రాశారా?" అని అడిగి, ఆ గడి చదివించుకొని మరీ వెళ్ళారు.