మీకు తెలుసా? పండగపూట దిగులుకూ ఒక ఆకు

చిత్తూరు వైపు సంక్రాంతి అంటే ముందు పెద్దల పండగ. కనుమనాడు రంగంపేటలో గిత్తల పరుగు టీవీలన్నీ చూపిస్తాయి గానీ, సంక్రాంతి రోజు ఇంటింటా జరిగేది చూపించవు. పోయిన నాయన పటం ముందు కొత్త పంచె పెడతారు, అమ్మకైతే చీర. ఆకులో ఓళిగలు, నిప్పట్లు, గుమ్మడికాయ కూర వడ్డిస్తారు. ఆయనకు బీడీ అలవాటుంటే బీడీ కట్ట కూడా పక్కన పెట్టేవాళ్ళున్నారు. టెంకాయ కొట్టి, సాంబ్రాణి వేసి, పెద్దలు తినిపోతారని కాసేపు తలుపు దగ్గరగా వేసి అందరూ బయటికొస్తారు. ఆ కాసేపట్లో ఎవరి కళ్ళు తడిసినా పండగపూట ఏడుపేమిటని కసిరేవాళ్ళుండరు. పోయినవాళ్ళను తలుచుకోవడానికి పండగలోనే ఒక వేళ పెట్టారు మనవాళ్ళు. పండగ రోజు మనసు బాగాలేదంటే మీలో ఏదో లోపముందని అనుకోకండి.

చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాదంతా పండగ చెయ్యరని, చాలాచోట్ల పొయ్యి మీద నూనె మూకుడు కూడా పెట్టరని తెలుసు కదా. ఆ ఇంటికి చుట్టాలూ ఇరుగుపొరుగూ పిండివంటలు తెచ్చివ్వడం పాత మర్యాద. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మూకుడు పెట్టకపోవడం మిగిలింది, తెచ్చివ్వడం తగ్గింది. పండగపూట వాళ్ళింటికెందుకులే అని తప్పుకుంటున్నాం. వెళ్ళండి. నాలుగు మణుగుబూలు డబ్బాలో వేసుకుని వెళ్ళి, పోయినాయన గురించే మాట్లాడండి. ఆ పేరెత్తితే బాధపడతారని మనం అనుకుంటాం గానీ, ఎవరూ ఎత్తకపోతేనే ఎక్కువ బాధ.

తిరుమలలో రోజూ రాత్రి ఏకాంత సేవలో స్వామికిచ్చే ముత్యాల హారతి తరిగొండ వెంగమాంబ పేరు మీదిది. ఆమెది 18వ శతాబ్దం, ఊరు గుర్రంకొండ దగ్గర తరిగొండ. చిన్నతనంలోనే భర్త పోయాడు. వితంతువుకు లోకం పెట్టిన కట్టుబాట్లకు ఒప్పుకోలేదు, వేంకటేశ్వరుడే నా భర్త అని నిలబడి, కొండ మీదికొచ్చి కావ్యాలు రాసింది. ఆమె హారతిని కళ్ళకద్దుకునే మనమే పండగ రోజు ఇంట్లో భర్త పోయిన అక్కనో పెద్దమ్మనో పసుపు కుంకుమల దగ్గరికి రానివ్వం. పండగ దిగుళ్ళలో సగం ఇట్లా మనం చేసి పెట్టినవే. ఈసారి మొదటి బొట్టు ఆమె చేతే పెట్టించుకోండి.

కొండ మీద అన్నప్రసాద భవనానికీ వెంగమాంబ పేరే. దేవస్థానం నిత్యాన్నదానం 1985లో మొదలైంది. టికెట్ అక్కర్లేదు, ఎవరితో వచ్చావని అడగరు, అటూ ఇటూ ఊరూ పేరూ తెలియని మనుషులు. పండగ రోజు ఒంటిగా అన్నం సహించని తిరుపతివాళ్ళకు ఇంతకంటే మంచి బంతి ఎక్కడుంటుంది?

మదనపల్లె, పీలేరు, రాయచోటి చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లో ఉంటుంది. అక్కడ సంక్రాంతికి సెలవుండదు. మనకు పొద్దున ఎనిమిదైతే అక్కడ అయిదున్నర, అంటే ఆమె పనిలోకి దిగే వేళ. వీడియో కాల్ ఆలోపే చెయ్యండి. ఎప్పుడొస్తావని అడిగితే ఇద్దరికీ గొంతు పూడుకుపోతుంది. ముగ్గు చూపించండి, పిల్లోడి కొత్త చొక్కా చూపించండి, ఓళిగలో బెల్లం ఎంత వెయ్యాలో అడగండి.

ఒంటరితనం ముసలివాళ్ళదే అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం లోకంలో ఆరుగురిలో ఒకరిని అది పట్టి పీడిస్తోంది, 13 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళల్లో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామంటున్నారు. సెలవులకు ఊరెళ్ళలేక తిరుపతి హాస్టళ్ళలో మిగిలిపోయే పిల్లలు మీకెవరైనా తెలిస్తే భోజనానికి పిలవండి.

బెంగళూరు, మద్రాసు నుంచి వచ్చిన పిల్లలు కనుమ దాటగానే బస్సెక్కేస్తారు. మూడు రోజులు కిక్కిరిసిన ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. పలమనేరులోనో పుంగనూరులోనో ఉన్న అవ్వాతాతలకు అసలు గుబులు ఆ మర్నాడే. చేరామని చెప్పే ఫోన్‌తో ఆపకుండా, ఆ వారంలో ఇంకోసారి చెయ్యండి.

దిగులు వారాలు గడిచినా వదలకపోతే, నిద్రా తిండీ పోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, పండగ రోజైనా అర్ధరాత్రైనా ఎత్తుతారు. పెద్దవాళ్ళకు వేరుగా 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఈ రెండు నంబర్లూ అవ్వ ఫోన్‌లో మీరే ఎక్కించి, ఎట్లా నొక్కాలో చూపించి రండి.